వెన్నులో పాము, నీళ్ళలో నేను

నలభై రెండేళ్ళొచ్చాక ఈత నేర్చుకోవాల్సి వచ్చింది నాకు. సరదాకి కాదు, నడుం నొప్పికి. ఎమ్మారై తీయించాక డాక్టరుగారు ఆ ఫిల్మును లైటుకి ఆనించి, పెన్ను మొనతో పైనుంచి కిందకి చూపిస్తూ "ఇవి డిస్కులు, ఇక్కడ కాస్త జారింది, ఇదిగో ఈ బూడిదరంగు పట్టీ వెన్నుపాము, దానికేం కాలేదు, అదృష్టవంతులు, రోజూ అరగంట ఈత కొట్టండి" అన్నారు. ఈత రాదండీ అన్నాను. నేర్చుకోండి అన్నారు, టీ తాగి రండి అన్నంత తేలిగ్గా.

గోదావరి జిల్లాలో పుట్టి ఈత రాదంటే మా బంధువులే నమ్మరు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను కాలవగట్టు దిగనిచ్చేది కాదు, అదో పెద్ద కథ, ఇప్పుడొద్దు. మొత్తానికి పొద్దున్నే ఆరింటికి పూల్ దగ్గరికి వెళ్తే కోచ్ ఇరవై రెండేళ్ళ కుర్రాడు. పక్కన ఆరేళ్ళ పిల్లలు కప్పపిల్లల్లా దూకుతున్నారు. నేను మాత్రం కుడిచెయ్యి ముందుకి, ఇప్పుడు ఎడమది, కాళ్ళు ఆడించాలి కదా మర్చిపోయా, తల పక్కకి తిప్పి ఊపిరి... అనుకునేలోపే ముక్కులోకి నీళ్ళు. నాలుగో రోజు ఆ కుర్రాడు జాలిగా చూసి "సార్, మీరు ఆలోచిస్తున్నారు సార్. ఆలోచించకండి" అన్నాడు.

ఆలోచించకపోతే చేతులు ఎవరు ఆడిస్తారు మరి? కోపం కూడా వచ్చింది. కానీ ఆ ప్రశ్న బుర్రలోంచి పోలేదు. చేప ఆలోచిస్తుందా? ప్రతి కండకీ మెదడు వేరు వేరుగా ఆర్డరు వేస్తుందా? ఆ రాత్రి వెతుక్కుంటూ పోతే ఎదురైంది ఎవరనుకున్నారు, మా పాత శత్రువు, పెట్రోమైజాన్.

జువాలజీ చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో స్పాటర్స్ అని ఒక గండం ఉంటుంది. బల్ల మీద వరసగా గాజు సీసాలు పెడతారు, ఒక్కో సీసా ముందు ఒక నంబరు, గంట కొట్టేలోపు అందులో ఉన్న జంతువేంటో గుర్తుపట్టి లక్షణాలు రాసి పక్క సీసాకి జరగాలి. మా ల్యాబులో ఒక సీసాలో ఫార్మలిన్‌లో ఏళ్ళ తరబడి నాని రంగు వెలిసిపోయిన తాడు ముక్కలాంటిది ఉండేది. నేను ఈల్ చేప అని రాసి ఒక మార్కు పోగొట్టుకున్నాను. అది లాంప్రే, శాస్త్రీయ నామం పెట్రోమైజాన్. "దవడలు లేవు, గుండ్రటి నోరు, ఏడు జతల మొప్ప రంధ్రాలు" అని రాయాలి. వర్గం సైక్లోస్టొమేటా. అంతే, అంతకుమించి దాని గురించి మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మన నదుల్లో దొరకదు కాబట్టి బతికున్నదాన్ని చూసే అవకాశమూ లేదు.

దాని వంశమూ మన వంశమూ విడిపోయి దాదాపు 50 కోట్ల ఏళ్ళు. దవడలు పుట్టకముందే విడిపోయింది కాబట్టి ఆ గుండ్రటి నోటితోనే వేరే చేపలకి అతుక్కుని రక్తం పీల్చే జాతులున్నాయి. యూరప్‌లో తింటారు కూడా, ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ 1135లో ఇవి అతిగా తిని పోయాడని అప్పటివాళ్ళు రాసుకున్నారు. ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. మనసు గురించీ కలల గురించీ రాసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ ఉన్నాడు కదా, ఆయన వియన్నాలో విద్యార్థిగా ఉన్నప్పుడు 1877, 78లలో మైక్రోస్కోపు కింద పెట్టుకుని చూసింది ఈ పెట్రోమైజాన్ వెన్నుపామునే.

వెన్నుపాము. ఈ మాట ఎవరు పెట్టారోగానీ భలే పెట్టారు. వెన్నెముక లోపల పడుకున్న పాము. లాంప్రే విషయంలో ఇది మరీ సరిపోతుంది, ఎందుకంటే బయట పాములా మెలికలు తిరిగే ఒళ్ళు ఒకటి, దాని లోపల ఇంకో పాము. అసలు ఈదేది ఆ లోపలి పాము.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1980లో అవిస్ కోహెన్, పీటర్ వాలెన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం చూడండి. లాంప్రే వెన్నుపామును ఒంట్లోంచి మొత్తం విడదీసి తీస్తారు. మెదడు లేదు, కండలు లేవు, తోక లేదు, చర్మం లేదు. మిగిలింది పల్చటి రిబ్బను ముక్కలాంటి ఒక పట్టీ, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. దాన్ని చల్లటి ఉప్పు ద్రావణంలో ఒక పళ్ళెంలో పెడితే రోజుల తరబడి బతికే ఉంటుంది. పక్కల నుంచి కండలకి వెళ్ళాల్సిన నరాల మొదళ్ళు ఉంటాయి కదా, వాటికి ఎలక్ట్రోడ్లు తగిలిస్తారు. ఇప్పుడు ఆ నీళ్ళలో, నాడీకణాలు ఒకదాన్నొకటి లేపడానికి వాడే గ్లుటమేట్ తరహా రసాయనం కొంచెం కలపాలి. కలిపాక ఏమవుతుందంటే, ఎడమ నరం ఒక్కసారిగా చిటపటమంటుంది, ఆగుతుంది, కుడి నరం చిటపటమంటుంది, ఆగుతుంది, మళ్ళీ ఎడమ. అలా గంటల తరబడి. ఈదే లాంప్రేలో కండలకి ఏ సంకేతాలు ఏ వరసలో వెళ్తాయో సరిగ్గా అవే, కాకపోతే అందుకోవడానికి అక్కడ కండలు లేవు. శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరుని తెలుగులో చెప్పాలంటే ఉత్తుత్తి ఈత. పిల్లలు అన్నం లేకుండా ఉత్తుత్తి అన్నం తిన్నట్టు.

అది చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. పళ్ళెంలో ఉన్న ఒక రిబ్బను ముక్కకి వచ్చిన ఈత నాకు రావట్లేదు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, నాకొచ్చింది. మా ఇంట్లో కొర్రమీను తెచ్చిన రోజు, ముక్కలు కోసి అమ్మ ఉప్పూ పసుపూ పట్టిస్తుంటే గిన్నెలో ముక్కలు అదిరేవి. తల ఎప్పుడో పోయింది, ముక్కలు ఎనిమిదైపోయాయి, అయినా ఒకదాని మీద చర్మం టపటపా కొట్టుకునేది. మా చెల్లి ఏడ్చి తినడం మానేసింది ఆ పూట. అది కూడా ఇదేనా అంటే, కాదు. తాజా ముక్కలో కండ కణాలు ఇంకా పూర్తిగా చచ్చిపోలేదు, పైన ఉప్పు పడేసరికి సోడియం తాకిడికి అవి ఒక్కసారి రెచ్చిపోతాయి, అంతే. దానికి ఎడమా కుడీ లేదు, వంతులు లేవు, తలనుంచి తోకదాకా వరస లేదు. గోల ఉంది, లయ లేదు. పళ్ళెంలోని వెన్నుపాముది లయ. తేడా మొత్తం అక్కడే ఉంది.

ఆ లయ ఎలా పుడుతుందన్నదే పెద్ద కథ. స్టాక్‌హోమ్‌లో కరోలిన్స్కా ఇన్‌స్టిట్యూట్‌లో స్టెన్ గ్రిల్నర్ అనే ఆయన దశాబ్దాల తరబడి దీని వెంటే పడ్డాడు, 2008లో ఇచ్చిన మొదటి కావ్లీ బహుమతి అందుకున్న ముగ్గురు నాడీశాస్త్రవేత్తల్లో ఆయనొకడు. ఆయన లాంప్రేనే ఎందుకు పట్టుకున్నాడంటే మనిషి వెన్నుపాములో కణాలు లెక్కకి మించి ఉంటాయి, ఒక్కో కణాన్నీ పట్టుకుని ఇది ఎవరితో మాట్లాడుతోంది అని అడగడం కుదరదు. లాంప్రేలో తక్కువ, కొన్ని పెద్దవి, కనిపిస్తాయి, సూదిలాంటి ఎలక్ట్రోడు గుచ్చితే దొరుకుతాయి.

నాకు అర్థమైనంతలో చెప్తాను. మా అమ్మమ్మా, వాళ్ళ తోడికోడలూ ఒకే రోట్లో రెండు రోకళ్ళతో దంచేవాళ్ళు. ఒకరి రోకలి దిగుతుంటే రెండోవాళ్ళది లేస్తుంది. దంచేవాళ్ళని మీరు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూస్తే, దంచడంకన్నా ఆగడమే కష్టం అని తెలుస్తుంది. అవతలి రోకలి దిగేటప్పుడు మనది ఆపుకోవాలి, లేకపోతే రెండూ కొట్టుకుంటాయి. లాంప్రే వెన్నుపాములో ప్రతి ఖండంలోనూ, అలాంటి ఖండాలు సుమారు 100 ఉంటాయి, ఎడమపక్కన కొన్ని ఉసిగొల్పే కణాలు, కుడిపక్కన కొన్ని. ఇవి ఒకదాన్నొకటి గ్లుటమేట్‌తో రెచ్చగొట్టుకుని, తమ పక్కన ఉన్న కండ నరాలని కూడా లేపుతాయి. వీటితోపాటు ఇంకో రకం కణాలున్నాయి, వాటి తీగలు నడిమిగీత దాటి అవతలి పక్కకి వెళ్తాయి, అక్కడ గ్లైసిన్ అనే రసాయనం వదిలి "మీరు ఆగండి" అంటాయి. ఎడమవైపు పనిలో ఉన్నంతసేపూ కుడివైపు నోరు మూసుకుని ఉంటుంది. తర్వాత వంతు మారుతుంది.

ఆ "మీరు ఆగండి"ని తీసేస్తే ఏమవుతుందో చూడటానికి స్ట్రిక్నిన్ వాడతారు. ఇది మనకి కొత్తదేం కాదు. మన అడవుల్లో ఉండే ముషిణి చెట్టు గింజల్లో, విషముష్టి అంటారు చూడండి, ఆ విషమే. తింటే ఒళ్ళంతా విల్లులా బిగుసుకుపోయి చచ్చిపోతారు. ఎందుకంటే స్ట్రిక్నిన్ గ్లైసిన్ మాట వినపడకుండా చేస్తుంది, ఆగమని చెప్పేవాళ్ళు లేక కండలన్నీ ఒకేసారి బిగుస్తాయి. పళ్ళెంలోని లాంప్రే వెన్నుపాము మీద అది వేస్తే ఎడమా కుడీ వంతులు పోయి రెండు పక్కలూ ఒకేసారి కొట్టడం మొదలుపెడతాయి. నిజం ఒళ్ళయితే రెండు పక్కలా కండలు ఒకేసారి లాగుతాయి, ఒళ్ళు ఎటూ వంగదు, కర్రలా అక్కడే ఉంటుంది.

అప్పుడు నాకు అంతా అర్థమైపోయింది అనుకున్నాను, లయ అంటే రెండు పక్కల తగువులాట, తక్కెడలాగా ఒకటి లేస్తే ఒకటి దిగుతుంది అని. ఆఫీసులో భోజనాల దగ్గర ఒకతనికి ఘనంగా వివరించాను కూడా. తప్పు. కనీసం లాంప్రే విషయంలో తప్పు. గ్రిల్నర్ దగ్గర పనిచేసిన లొరెంజో కాంజానో వెన్నుపామును పొడుగునా నడిమికి చీల్చి చూశాడు, ఎడమ సగం విడిగా, కుడి సగం విడిగా. ఒంటరి సగం కూడా లయగా కొడుతూనే ఉంది. పైగా ఇంకా వేగంగా. రోటి దగ్గర తోడికోడలు లేచి వెళ్ళిపోతే అమ్మమ్మ ఒక్కతే దంచినట్టు, అవతలివాళ్ళ కోసం ఆగక్కర్లేదు కాబట్టి ఇంకా టకటకా. అంటే లయ ప్రతి సగంలోనూ విడిగానే ఉంది. అడ్డంగా వెళ్ళే ఆ ఆపుడు కణాలు లయని పుట్టించవు, వంతులు పెడతాయి, కొంచెం నెమ్మది చేస్తాయి.

సరే, అవతలివాళ్ళు ఆపకపోతే ఒక సగం కొట్టడం మొదలుపెట్టాక తనంతట తను ఎందుకు ఆగుతుంది? ఇది నాకు అన్నిటికన్నా అందంగా అనిపించిన ముక్క, కాస్త ఓపిక పట్టండి. కణం పొర మీద ఎన్‌ఎండీఏ అనే తలుపులుంటాయి. గ్లుటమేట్ వచ్చి తలుపు తట్టినా వెంటనే తెరుచుకోవు, ఎందుకంటే సందులో మెగ్నీషియం బిరడాలా అడ్డంపడి ఉంటుంది. కణం విద్యుత్తుపరంగా ఇంకాస్త రెచ్చిపోతేనే ఆ బిరడా ఊడుతుంది. ఊడిందా, సోడియంతోపాటు కాల్షియం కూడా లోపలికి వచ్చిపడుతుంది, దాంతో కణం ఇంకా రెచ్చిపోతుంది, చిటపటలు మొదలు. కానీ ఆ లోపలికొచ్చిన కాల్షియమే మెల్లగా పోగై వేరే తలుపులు తెరుస్తుంది, పొటాషియం తలుపులు. పొటాషియం బయటికి పోవడంతో కణం చల్లబడుతుంది, మెగ్నీషియం బిరడా మళ్ళీ బిగుసుకుంటుంది, అంతా నిశ్శబ్దం. లోపలున్న కాల్షియం ఖాళీ అయ్యేదాకా విశ్రాంతి. ఖాళీ అయ్యాక మళ్ళీ మొదటికి. తెచ్చిన సంబరమే తనని పడుకోబెట్టడం అన్నమాట, పెళ్ళింట్లో రాత్రంతా డ్యాన్సులేసి తెల్లారేసరికి చాపమీద పడిపోయిన కుర్రాళ్ళలాగా. సెరొటొనిన్ అనే ఇంకో నాడీ రసాయనం వేస్తే ఈ కాల్షియంతో తెరుచుకునే పొటాషియం తలుపులు మందగిస్తాయి, కణం తొందరగా అలిసిపోదు, ఒక్కో పోటు ఎక్కువసేపు సాగి మొత్తం లయ నెమ్మదిస్తుంది. అది చేసి చూశారు కూడా.

ఇంతవరకూ ఒక్క ఖండం కథ. కానీ ఒళ్ళంతా ఒకేసారి ఎడమకి, ఒకేసారి కుడికి వంగితే చేప ముందుకి పోదు, ఉన్నచోటే ఊగుతుంది. ముందుకి పోవాలంటే వంపు తల దగ్గర పుట్టి తోకదాకా జారాలి, జారుతూ నీళ్ళని వెనక్కి నెట్టాలి. దీన్ని కళ్ళారా చూద్దామని మొన్న సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఆదివారం సంతలో చేపలమ్మే ఆమె దగ్గర బొమ్మిడాయిల తొట్టి ముందు కూర్చున్నాను. బొమ్మిడాయికి లాంప్రేతో దగ్గరి చుట్టరికం ఏమీ లేదు, దవడలూ వెన్నెముకా అన్నీ ఉన్న అసలుసిసలు చేప, కానీ పొడుగ్గా ఉంటుంది, ఈదడం అదే పద్ధతి. తొట్టిలో చోటు చాలక అవి ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఒకటి మాత్రం గోడవారగా కదిలింది. ఫోనులో స్లోమోషన్ పెట్టి తీశాను. మామూలు కంటికి అది గిలగిలా. స్లోమోషన్‌లో చూస్తే తల కొంచెమే కదిలింది, మెడ దగ్గర ఒక వంపు పుట్టి, ఒంటి వెంబడి జారుతూ జారుతూ పెద్దదై, తోక చివర్న జారిపోయింది, అది పూర్తికాకముందే మెడ దగ్గర అవతలి పక్కకి ఇంకోటి. ఎవరో లోపల చెయ్యి పెట్టి నిమిరినట్టు.

లాంప్రేలో ఈ వరసకి ఒక లెక్కుంది. ఒక ఖండానికీ దాని వెనక ఖండానికీ మధ్య ఆలస్యం ఒక ఊపుకి పట్టే సమయంలో ఒక శాతం. సెకనుకి ఒక ఊపు ఊగితే ఖండానికి 10 మిల్లీసెకన్లు. సెకనుకి అయిదు ఊపులైతే 2 మిల్లీసెకన్లు. 100 ఖండాలూ ఒక్కో శాతం చొప్పున కలిపితే 100 శాతం, అంటే ఎప్పుడు చూసినా ఒంటి మీద సరిగ్గా ఒక పూర్తి అల ఉంటుంది, నాలుగు సెకన్లకో ఊపుతో నింపాదిగా పోతున్నా, సెకనుకి పది ఊపులతో పారిపోతున్నా. ఇది మామూలు విషయం కాదండోయ్. తీగ వెంబడి సంకేతం పోవడానికి పట్టే టైము వల్లే ఈ ఆలస్యం వస్తుందనుకుంటే, తీగ పొడుగు మారదు కాబట్టి ఆలస్యమూ మారకూడదు, వేగం పెరిగినప్పుడు ఒంటి మీద ఒకటిన్నరో రెండో అలలు రావాలి. రావు. ఊపు పొట్టిదైతే ఆలస్యం కూడా అదే పాళ్ళలో పొట్టిదవుతుంది.

దీనికి గ్రిల్నర్ బృందం చెప్పే జవాబు, అన్ని ఖండాల్లోనూ లయ ఉంది కానీ ఎక్కువ హుషారుగా ఉన్నది ముందు నడుస్తుంది, మిగతావి దాని వెనక పడతాయి. మామూలుగా తల దగ్గరివి హుషారు. పళ్ళెంలో వెన్నుపాముకి మధ్యలో అడ్డుగోడలు కట్టి తోకవైపు గదిలో మాత్రం రసాయనం ఎక్కువ పోస్తే తోక ముందు నడిచింది, అల తోకనుంచి తలకి పాకింది. అంటే వెనక్కి ఈత. భజనలో తాళం ఎవరు గట్టిగా వేస్తే మిగతావాళ్ళు వాళ్ళని పట్టుకున్నట్టే.

మరి మెదడు చేసేదేంటి? చాలా చేస్తుంది, కానీ నేను పూల్‌లో చేస్తున్నది మాత్రం చెయ్యదు. మెదడు కింది భాగంలో నడకనీ ఈతనీ మొదలుపెట్టే ఒక చోటుంది, 1966లో మాస్కోలో షిక్, సెవెరిన్, ఒర్లోవ్‌స్కీ దాన్ని పిల్లిలో కనిపెట్టారు, అక్కడ చిన్నగా కరెంటిస్తే పిల్లి నడిచింది, పెంచితే పరిగెత్తింది. లాంప్రేలోనూ అదే చోటు ఉంది, కొంచెం కరెంటుకి మెల్లగా ఈత, ఎక్కువకి జోరుగా. అక్కణ్ణుంచి మెదడు కాండంలోని కొన్ని పెద్ద కణాల ద్వారా వెన్నుపాముకి పోయేది ఏ కండ ఎప్పుడు బిగియాలి అన్న జాబితా కాదు. పోనీ, ఎంత జోరుగా పోనీ, ఎటు తిరగనీ. స్కూటర్ యాక్సిలరేటరు, హ్యాండిల్. పిస్టన్ ఎప్పుడు లేవాలో మనం చెప్పం కదా.

ఇంకోటి చెప్పకపోతే పాపం. లాంప్రే వెన్నుపాము అంచుల్లో కొన్ని కణాలుంటాయి, వెన్నుపాము వంగినప్పుడు అవి సాగుతాయి, సాగినప్పుడు తెలుసుకుంటాయి. అంటే ఆ లోపలి పాముకి తను ఎంత వంగిందో చర్మాన్నో కండనో అడక్కుండా తనకే తెలుసు. పళ్ళెంలోని వెన్నుపాముని చేత్తో అటూ ఇటూ వంచితే దాని లయ మన చెయ్యి తాళానికి సర్దుకుంటుంది. నీళ్ళలో ఎదురుగా ప్రవాహం కొట్టినప్పుడు వంపు అనుకున్నదానికంటే తక్కువైనా ఎక్కువైనా అక్కడికక్కడే సర్దుబాటు.

లాంప్రే ఒక్కటే అయితే వింత జంతువు కదా అని తోసేయొచ్చు. కానీ ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అలన్ రాబర్ట్స్ ఏళ్ళ తరబడి చూసినవి కప్పపిల్లలు, గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డవి, రెండు రోజుల వయసు, అయిదు మిల్లీమీటర్లు. చర్మం మీద వెంట్రుకతో తాకితే చాలు, సెకనుకి 10 నుంచి 25 ఊపులతో పరిగెడుతుంది, తల దేనికైనా తగిలిందా టక్కున ఆగి అతుక్కుంటుంది. అక్కడా అదే ఏర్పాటు, ఉసిగొల్పేవి ఇటు, ఆపేవి అడ్డంగా అటు. అయితే కప్పపిల్లలో ఒక తిరకాసు ఉంది. 2013లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో వెలుగుతో ఒక పక్క కణాలని ఒక్కసారిగా నోరు మూయిస్తే రెండో పక్క కూడా ఆగిపోయింది. లాంప్రే సగం ఒంటరిగా కొట్టిందన్నారు, ఇక్కడ తోడు లేకపోతే నిలబడలేదు. ఎందుకంటే కప్పపిల్ల కణాలకి అవతలివాళ్ళు అణిచిపెట్టి వదిలినప్పుడు ఎగిరిపడే గుణం ఉంది, ఆ తొక్కుడే వాటికి ఊతం. అంటే ఆఫీసులో నేను చెప్పిన తక్కెడ సిద్ధాంతం మొత్తం తప్పు కాదు, జంతువు తప్పు. అతనికి మళ్ళీ చెప్దామనుకున్నాను కానీ ఈమధ్య అతను నాతో భోజనానికి రావట్లేదు.

జీబ్రా చేప గురించి కూడా ఒక్క మాట. అక్వేరియం షాపుల్లో చారలతో తిరిగే చిన్న చేప, మన గంగ, బ్రహ్మపుత్ర వైపుది, 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో మొదటిసారి వర్ణించాడు. ఇప్పుడు ప్రపంచంలో చాలా నాడీశాస్త్రం ల్యాబుల్లో తొట్టెల నిండా ఇవే, ఎందుకంటే దీని పిల్ల గాజులా పారదర్శకంగా ఉంటుంది, బతికుండగానే వెన్నుపాములో ఏ కణం వెలుగుతోందో చూడొచ్చు. అలా చూసి డేవిడ్ మెక్లీన్, జోసెఫ్ ఫెచో వాళ్ళు చెప్పిందేంటంటే, మెల్లగా ఈదేటప్పుడు వెన్నుపాము కిందివైపు కణాలు పనిచేస్తాయి, వేగం పెరిగేకొద్దీ పైవైపువి రంగంలోకి దిగుతాయి, ఆ సమయంలో మెల్ల ఈత కణాల్లో కొన్నిటిని నోరు మూయిస్తారు. గేరు మారినట్టే, రెండో గేరులో వెయ్యాలంటే మొదటి గేరు వదలాలి. ఇక్కడ కూడా చూడండి, ఆపడం.

నాకు అన్నిటికంటే నమ్మశక్యం కానిది చివర్న దొరికింది. లాంప్రే పిల్ల వెన్నుపామును అడ్డంగా పూర్తిగా కోసేస్తే మొదట కోతకి వెనకభాగం చచ్చుబడిపోతుంది, కానీ పది పన్నెండు వారాల్లో మళ్ళీ ఈదుతుంది, చూసేవాళ్ళు తేడా చెప్పలేనంతగా. అయితే నరాలన్నీ పాత ఊళ్ళకి పాత దారిన చేరతాయా అంటే లేదు, తెగిన తీగల్లో చాలావరకు కోత దాటి కొన్ని మిల్లీమీటర్లు పెరిగి ఆగిపోతాయి. తోకదాకా పోవు. అయినా చాలు. కోత అవతల ఉన్న మొదటి కొన్ని ఖండాలకి వార్త అందితే, ఆ తర్వాతివాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నడిచిపోతారు, లయ వాళ్ళ దగ్గర ముందే ఉంది కాబట్టి. డాక్టరుగారు "వెన్నుపాముకేం కాలేదు, అదృష్టవంతులు" అన్న మాట అప్పుడు ఇంకోలా వినిపించింది. మనకి అది తెగితే మళ్ళీ అలా అతకదు.

ఇంత చదివి పూల్‌కి వెళ్తే ఈత వచ్చేసిందా అని అడక్కండి. మనిషి వెన్నుపాములో నడకకి సంబంధించిన లయ ఉంది, పుట్టిన పసిగుడ్డుని చంకల కింద పట్టుకుని పాదాలు నేలకి ఆనిస్తే అడుగులు వేస్తుంది చూశారా, అది. ఫ్రీస్టయిల్ మాత్రం అందులో లేదు, చచ్చినట్టు నేర్చుకోవాలి. కాకపోతే కాళ్ళ సంగతి పట్టించుకోవడం మానేశాను, అవి వాటి వంతులు అవే వేసుకుంటున్నాయి, నేను ఊపిరి ఒక్కటే చూసుకుంటున్నాను. నెల తిరిగేసరికి పూల్ వెడల్పు ఒకసారి దాటాను. పొడుగు ఇంకా లేదు.

సంతలో ఆ రోజు వీడియో రెండోసారి తీస్తుంటే చేపలమ్మే ఆమె బూడిద అంటిన చెయ్యి నడుం మీద వేసుకుని నిలబడింది. అరగంట అయ్యుంటుంది నేను అక్కడ కూర్చుని.

"ఏం బాబూ, దానికి ఫొటోలు తీసి ఏం సేత్తావు? కిలో ఇచ్చేమంటావా, అరకిలోనా?"

"ఒక్క నిమిషం ఉండమ్మా, ఇది తిరుగుతుంది ఇప్పుడు" అన్నాను.

"తిరగదు. పొద్దుటేల నించీ అది అటేపే" అంది. నిజంగానే తిరగలేదు. అరకిలో తీసుకున్నాను.